రెండు నెట్ లైన్లు: కలిపి వాడాలా, ఒకటి బ్యాకప్‌గా ఉంచాలా?

చీమకుర్తిలో ఐదారుగురు పనిచేసే గ్రానైట్ ఆఫీసుకైతే బ్యాకప్పే మేలు. ఇరవై గదుల లాడ్జికో, కావలిలో నెట్ సెంటర్‌కో లోడ్ బ్యాలెన్సింగ్, అంటే రెండు లైన్లూ ఒకేసారి వాడుకోవడం, నప్పుతుంది.

రెండు 100 ఎంబీపీఎస్ లైన్లు కలిపితే ఒక్క ఫైలు 200 స్పీడుతో దిగదు. రౌటర్ ఒక్కో కనెక్షన్‌ని ఒక్కో లైన్‌లోకి తోస్తుంది, అంతే. జనం ఎక్కువుంటేనే లాభం. 100, 50 లైన్లుంటే వాటా 2:1 పెట్టాలి.

ఈ పద్ధతిలో అసలు చిక్కు సరుకు లారీకి తీసే ఈ-వే బిల్లు దగ్గర వస్తుంది. లాగిన్ ఒక ఐపీ (లైనుకుండే నెట్ అడ్రసు) నుంచి, తర్వాతి పేజీ ఇంకో ఐపీ నుంచి వెళ్తే సైటు బయటికి నెట్టేయొచ్చు. బయట లోడెక్కిన లారీ నిలబడి ఉంటుంది! బ్యాంకు సైట్లతోనూ ఇదే గొడవ. రౌటర్‌లో ఏ కంప్యూటర్ ఏ లైన్‌లో వెళ్లాలో చెప్పే పాలసీ రౌటింగ్‌లో బిల్లింగ్ కంప్యూటర్‌ని ఒకే లైన్‌కి కట్టేస్తే సరి. https సైట్లు వాడే 443 పోర్టు మొత్తాన్ని కట్టేయొద్దు. ఈరోజుల్లో నెట్టంతా దాదాపు దాని మీదే నడుస్తుంది, రెండో లైను ఖాళీగా కూర్చుంటుంది.

బ్యాకప్‌లో తప్పు జరిగేది వేరే చోట. ఫైబర్ తెగినా, ఆ కేబుల్ వచ్చి దిగే డబ్బా అయిన ఓఎన్‌యూ నుంచి రౌటర్‌కి వచ్చే లాన్ లైటు వెలుగుతూనే ఉంటుంది, రౌటర్ అంతా బాగుందనుకుంటుంది. అందుకే బయటి నెట్‌లోని 8.8.8.8 (గూగుల్), 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్) సర్వర్లు రెండింటికీ 5 సెకన్లకోసారి పింగ్ (ఉన్నావా అని పలకరింపు) పెట్టి, రెండూ వరసగా 3 సార్లు పలకకపోతేనే మారమనాలి. వెనక్కి రావడానికి 10 పింగులు ఆగమనండి, లేకపోతే లైను ఊగిసలాడుతుంది. రెండు మోడెములూ 192.168.1.1 అనే ఒకే అడ్రసు మీద ఉంటే ఒకదాన్ని 192.168.2.1కి మార్చండి.

రెండో లైను ఇంకో ఫైబర్ అయితే, రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభాల మీదుగా వస్తున్నాయేమో వీధిలోకి వెళ్లి చూడండి. నవంబరు, డిసెంబరు తుపానుకి స్తంభం ఒరిగితే రెండూ పోతాయి. వేరే కంపెనీ 4జీ సిమ్ నయం. కానీ సీసీ కెమెరా రికార్డింగు క్లౌడ్‌కి పోతుంటే ఆ సిమ్ మీద కెమెరాల రికార్డరు డీవీఆర్‌ని ఆపేయాలి: 2 ఎంబీపీఎస్ కెమెరా ఒక్కటే రోజుకి 21.6 జీబీ తాగుతుంది.

ఓఎన్‌యూ, రౌటర్, సిమ్ మోడెమ్ మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. పరీక్షకి లాన్ వైరు కాదు, ఫైబర్ పిన్ను పీకండి, కొన తాకకుండా. ఓఎన్‌యూ మీద ఎర్ర లైటు వెలిగాక 15–20 సెకన్లలో పేజీ తెరుచుకోవాలి. నడుస్తున్న వాట్సాప్ కాల్ మాత్రం ఒకసారి ఆగుతుంది.