మెరీనా ఎయిర్ షో: టెర్రస్ అని లాడ్జి వాడు, ఎన్‌హాన్స్ అని స్టూడియో వాడు

ముందే చెప్తున్నా, చెన్నై మెరీనా బీచ్ పక్కన ట్రిప్లికేన్‌లో మా టెర్రస్ మీద నుంచి ఎయిర్ షో కనిపిస్తది అని ఎవడన్నా రూము ఇస్తే నమ్మబాకండి.

2024 అక్టోబర్ 6 ఆదివారం, ఎయిర్‌ఫోర్స్ వాళ్ల షో, 72 విమానాలు. నెల్లూరు నుంచి నేను, మా ఆవిడ, మా బావ ముందురోజే రైల్లో దిగాం, ప్రయాణం గురించి చెప్పేదేం లేదు. లాడ్జి వాడు రూముకి 2,400, టెర్రస్‌కి తలకి 300 అని డబ్బులు ముందే వేయించుకున్నాడు. పొద్దున పైకెళ్తే తలుపుకి తాళం. కౌంటర్లో కుర్రాడు పోలీస్ ఆర్డర్ సార్ అంటాడు, ఏదీ చూపించు అంటే ఓనర్ దగ్గరుందంటాడు, ఓనరేమో ఫోన్ ఎత్తడు. ఈలోపు పైన జనం మాటలు వినపడతానే ఉన్నాయి, అంటే ఇంకో మెట్ల దారిలో ఎక్కువ ఇచ్చినోళ్లని ఎక్కించేశాడు. ఆ 900 ఇప్పటికీ రాలా.

బావ మూతి ముడుచుకునే బీచ్ దాకా నడిచాడు. ఆడ ఇసకేస్తే రాలనంత జనం, మంచినీళ్ల బాటిల్ కూడా దొరకలా. ఆ ఎండకి ఐదుగురు చనిపోయారని తర్వాత వార్తల్లో చూసి మా ఆవిడ ఇంక ఇట్టాంటివాటికి నన్ను పిలవబాక అనింది.

షో టైము 11 నుంచి 1. ఫొటోలకి ఇంతకన్నా చెడ్డ టైము లేదు, సూర్యుడు నెత్తిన ఉంటే విమానం పొట్టంతా నల్లగా పడుతుంది, పైగా మధ్యాహ్నం లోపు సముద్రం వైపు తిరిగితే ఎదురు ఎండే. లైట్‌హౌస్ దగ్గర నిలబడి ఉత్తరం వైపు తీస్తే కొంచెం నయం, నేపియర్ బ్రిడ్జి దగ్గర నుంచి దక్షిణం చూస్తే మాత్రం అన్నీ నల్లబొమ్మలే.

ఈ ఫొటోలు విమానాల ఆన్‌లైన్ గ్యాలరీకి పెడదామని నా ఆశ. అక్కడ స్క్రీనర్లు ఒక్కో ఫొటో పెద్దది చేసి చూస్తారు, మసకున్నా, మచ్చ ఉన్నా, విమానం మధ్యలో లేకపోయినా రిజెక్టే. బావ పట్టుబట్టి నెల్లూరు ట్రంకు రోడ్డులో తనకి తెలిసిన స్టూడియోకి బాగుచెయ్యమని ఇప్పించాడు, ఫొటోకి 150 లెక్కన 8 ఫొటోలకి 1,200. వాడు ఏదో ఏఐ యాప్‌లో వేసి ఇచ్చాడు, సెల్లో చూస్తే అబ్బో అనిపిస్తది. కంప్యూటర్లో జూమ్ చేస్తే సూర్యకిరణ్ (ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల జట్టు) వాళ్ల హాక్ జెట్ రెక్క అంచు పొడుగునా తెల్ల గీత, తోక మీద నంబరు అంకెలు పోయి ఏ భాషకీ చెందని గీతలు, మబ్బు తీసేసి నీలం ఆకాశం. ఎనిమిదీ రిజెక్ట్. అడిగితే "అన్నా, పెళ్లి ఫొటోలకి ఎవరూ కంప్లయింట్ చెప్పలేదే" అంటాడు!

చివరికి రా ఫైళ్ల (కెమెరా ఏమీ మార్చకుండా దాచే అసలు ఫైళ్లు) నుంచి నేనే మొదలుపెట్టా. షాడోలు, అంటే నల్లగా పడ్డ చోట్లు, కొంచెమే లేపాలి, ఎక్కువ లేపితే నాయిస్ (చుక్కలు చుక్కలుగా) వచ్చేస్తది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈక్వలైజ్ (వెలుగు తేడాలు పెంచి చూపించే ఆప్షన్) కొట్టి చూస్తే సెన్సర్ మీద దుమ్ము మచ్చలన్నీ బయటపడతాయి, ఒక్కోటీ తుడవాలి. సైజు తగ్గించిన తర్వాతే షార్పెన్, అదీ కాస్తంతే. రెండు పాసయ్యాయి. ఒకటి సారంగ్ (ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ల జట్టు) వాళ్ల ధ్రువ్ హెలికాప్టర్, షట్టర్ సెకనులో 1/160 పెట్టా కాబట్టి రెక్కలు తిరుగుతున్నట్టు ఉంది. జెట్లకి పెట్టే 1/1600తో డకోటా (ఫ్యాన్లతో ఎగిరే పాతకాలం విమానం) తీసినోళ్ల ఫొటోలు చూశా, ఫ్యాను ఆగిపోయి ఇప్పుడో ఇంకాసేపట్లోనో కూలేట్టు ఉంది.

మన కొరిశపాడు హైవే రన్‌వే మీద 2024 మార్చిలో ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32 దిగినప్పుడు తీసిన ఫొటోలు ఒంగోలు ఫ్రెండ్ పంపాడు, వాటిని కూడా బాగుచెయ్యమని. 4.1 కిలోమీటర్ల కాంక్రీటు, దూరం నుంచి తీశాడు, ఎండకి గాలి మరిగి చక్రాలు నీళ్లలో ఉన్నట్టు వంకర్లు పోయాయి. దానికి ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు, పొద్దున్నే తియ్యాలి, లేదా దగ్గరికి పోవాలి, పోలీసులు పోనివ్వరు.

ట్రిప్ మొత్తానికి సుఖపెట్టినవి రెండే. రాత్రి నెల్లూరులో దిగాక స్టేషన్ దగ్గర మెస్‌లో చేపల పులుసు భోజనం, 180, మామిడికాయ సీజన్ కాకపోయినా పులుపు సరిగ్గా కుదిరింది, బావ రెండోసారి అన్నం అడిగి అప్పుడు నోరు తెరిచి మాట్లాడాడు. రెండోది దూరంవి దగ్గరగా తీసే 150-600 ఎంఎం జూమ్ లెన్స్, నెల్లూర్లోనే రోజుకి 1,000 అద్దె, ఆధార్ జిరాక్స్ చాలు. కావాల్సినోళ్లు శనివారం సాయంత్రమే తెచ్చుకోండి, ఆదివారం షాపు తియ్యరు.