సగం వాడిన సిలికాన్ ట్యూబ్ దాచడం: ఎనిమిదేళ్ల అనుభవం

విశాఖలో అల్యూమినియం కిటికీలు, బాత్‌రూమ్ ఫిట్టింగుల పని చేస్తాను. ఒక వాష్ బేసిన్ చుట్టూ గ్యాప్ పూడ్చడానికి 280 మి.లీ. ట్యూబులో పావు వంతు కూడా పట్టదు. మిగిలింది అలాగే సంచిలో వేస్తే, పది రోజుల తర్వాత గన్‌లో (ట్యూబును వెనక నుంచి నొక్కే పనిముట్టులో) పెట్టి ఎంత నొక్కినా చుక్క రాదు. అలా పారేసినవి చాలానే ఉన్నాయి. డబ్బు పోతుందన్న బాధతో తెలిసిన ఉపాయాలన్నీ చేసి చూశాను.

సిలికాన్ రంగులాగా ఆరేది కాదు. గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది. మామూలు రకంలో అప్పుడు వచ్చే ఘాటు వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, అంటే వెనిగర్ వాసనే. సముద్రపు గాలి ఉండే మా ఊళ్లో, అందులోనూ వానాకాలంలో, ట్యూబు త్వరగా బిగుసుకుపోతుంది.

నాజిల్ మూతికి ఇన్సులేషన్ టేపు చుట్టడం అందరూ చేసేదే. వారం దాకా పర్వాలేదు. ఎండాకాలంలో టేపు జిగురు కారి వదులైపోతుంది. మేకు గుచ్చితే కొంత మెరుగే గానీ, తుప్పు మరక తెల్ల సిలికాన్‌కు అంటుకుంటుంది. పొడవాటి స్టీల్ స్క్రూ మంచిది. రంధ్రం కన్నా కాస్త లావుది తిప్పి బిగిస్తే మరలు ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకుంటాయి. లోపల కొంత గట్టిపడినా భయం లేదు. స్క్రూను కటింగ్ ప్లయర్‌తో లాగితే ఆ ముక్క రబ్బరు పుల్లలా ఊడి వస్తుంది, నాజిల్ ప్లాస్టిక్‌కు సిలికాన్ గట్టిగా అతుక్కోదు కాబట్టి. నాకు నెల రోజుల దాకా ఇది బాగా పనిచేసింది.

అంతకన్నా ఎక్కువ రోజులు ఆగాలంటే పాల ప్యాకెట్ ముక్కే నా మాట. నాజిల్ విప్పి, ట్యూబు మెడ అంచు దాకా సిలికాన్ వచ్చేలా గన్ నొక్కుతాను, మధ్యలో గాలి మిగలకూడదు. ట్యూబు మెడ మీది మరలు తుడిచి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ ముక్కను రెండు మడతలు వేసి మెడ మీద పెట్టి, పైన నాజిల్ బిగిస్తాను. జూన్‌లో అలా మూసిన ట్యూబు సెప్టెంబరులో తెరిచాను. మెడ దగ్గర చిక్కుడు గింజంత గట్టి ముక్క వచ్చింది. అది తీసేయగానే కొత్త ట్యూబులాగే మెత్తగా, నిగనిగలాడుతూ గీత పడింది. ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో!

పని అవగానే గన్ వెనక మీట నొక్కి కడ్డీ వెనక్కి లాగడం మరవకండి. ఒత్తిడి మిగిలితే ఏ మూత పెట్టినా పక్కల నుంచి కారుతుంది. ట్యూబును ఎండలో నిలబెట్టే బండి డిక్కీలో ఉంచొద్దు.

అక్రిలిక్ సీలెంట్‌కు టేపు, కవరు చాలు. అందులోది నీరు, అది ఆవిరి కాకుండా చూసుకుంటే సరిపోతుంది. పీయూ (పాలీయురెథేన్) సీలెంట్‌కు మాత్రం ఇవేవీ నాకు కలిసిరాలేదు. తెరిచిన రోజే వాడేస్తున్నాను.

దాచిన ట్యూబు తీసినప్పుడల్లా ముందు అట్టముక్క మీద ఒక గీత వేసి చూస్తాను. గంటలో పైపొర కట్టకపోతే ఇక అది వాడను. ఒకసారి చూసుకోకుండా ఒకరింట్లో షవర్ గ్లాసుకు వేశాను. మర్నాటికి కూడా వేలికి జిడ్డుగా అంటుకుంటోంది. అంతా బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది వేసేసరికి ఒక పూట గడిచిపోయింది. తర్వాత ట్యూబు మీద తేదీ చూస్తే గడువు దాటి ఐదు నెలలైంది. ఇప్పుడు తెరిచిన రోజే ట్యూబు మీద మార్కర్‌తో తేదీ రాసి పెడుతున్నాను.