ఎల్బో వారి ‘ద సెల్డమ్ సీన్ కిడ్’: వినగా వినగా విచ్చుకునే ఆల్బమ్

బ్రిటిష్ ఇండీ రాక్ (పెద్ద రికార్డు కంపెనీల బయట పుట్టి పెరిగిన రాక్ సంగీతం) వినడం ఎక్కడ మొదలుపెట్టాలని మా తిరుపతి మిత్రులు అడిగినప్పుడు నేను ఎల్బో బృందం 2008 మార్చిలో విడుదల చేసిన ‘ద సెల్డమ్ సీన్ కిడ్’ పేరు చెబుతాను. ఒక్కసారి విని పక్కన పెట్టేయవద్దని కూడా ఆ వెంటనే చెబుతాను. మొదటి వినికిడిలో ఈ ఆల్బమ్ మనల్ని పట్టి ఆపదు. పియానో, తీగ వాద్యాలు, బొంగురు గొంతుతో పాడే ఒక మనిషి, అక్కడక్కడ గట్టిగా గిటార్ మోత, అంతే అనిపిస్తుంది. వారం రోజుల తరువాత మళ్లీ పెట్టుకుంటే, మొదట చెవికి ఆననే ఆనని పొరలు ఒక్కొక్కటిగా పైకి తేలడం మొదలవుతుంది.

మాంచెస్టర్ పక్కనున్న బరీ పట్టణం ఈ బృందానికి పుట్టినిల్లు. పాటలు రాసి పాడే గై గార్వీతో కలిపి అప్పటికి వారు ఐదుగురు. ఇది వారి నాలుగవ ఆల్బమ్. 11 పాటలు, గంటకు కొద్దిగా తక్కువ నిడివి. సాల్‌ఫర్డ్‌లోని బ్లూప్రింట్ స్టూడియోలో, రికార్డింగును నడిపించే బయటి నిర్మాతను ఎవరినీ పిలవకుండా, బృందంలో కీబోర్డు వాయించే క్రెయిగ్ పాటర్ నిర్మాణ బాధ్యతను, విడివిడి శబ్దాలను ఒకటిగా కలిపే మిక్సింగ్‌ను తన చేతిలోకి తీసుకుని దీన్ని తయారుచేశారు. ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ బహుమతి ఆ ఏడాది దీనికే దక్కింది. బహుమతి సంగతి అలా ఉంచి, సొంత మనుషులే చేసుకున్న పని కావడం వల్ల ఇందులో ఎక్కడా హడావిడి కనిపించదని నా అభిప్రాయం.

ఈ ఆల్బమ్‌ను అర్థం చేసుకోవడానికి ఒక సాంకేతిక విషయం తెలిసి ఉండటం అవసరం. ఆ రోజుల్లో ఆల్బమ్‌లను మాస్టరింగ్ చేసేటప్పుడు, అంటే విడుదలకు ముందు చివరి మెరుగులు దిద్దేటప్పుడు, మెల్లగా ఉన్న శబ్దాన్ని పైకి లేపి, పెద్ద శబ్దాన్ని అణచి, మొత్తం పాటను ఒకే ఎత్తున మోగేలా చేయడం పరిపాటిగా ఉండేది. రేడియోలోనైనా కారులోనైనా పక్క పాట కన్నా తమ పాట గట్టిగా వినిపించాలన్న పోటీయే దానికి కారణం. ఆ పోటీకి వ్యతిరేకంగా నడిచిన ‘టర్న్ మీ అప్’ అనే ఉద్యమానికి ఎల్బో వారు మద్దతు పలికి, ఈ ఆల్బమ్‌లో మెల్లని చోటును మెల్లగానే, గట్టి చోటును గట్టిగానే ఉంచారు. వాల్యూమ్ పెంచుకునే పనిని శ్రోతకే వదిలిపెట్టారన్నమాట.

మొదటి పాట ‘స్టార్లింగ్స్’ వింటే ఈ నిర్ణయం విలువ వెంటనే తెలుస్తుంది. ఏదో దూరాన మోగుతున్నట్లు సన్నగా ఒక నాదం, దాని కింద మెత్తని తాళం నడుస్తూ ఉండగా, ఏ సూచనా లేకుండా ఇత్తడి వాద్యాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మన పెళ్లిళ్లలో మంద్రంగా సాగుతున్న నాదస్వరం తాళి కట్టే వేళకు గట్టిమేళమై మండపమంతా మోగినట్లే ఉంటుంది ఆ ఘట్టం. మరుక్షణమే ఆ మోత ఆగి పాట మళ్లీ తన నిదానంలోకి వెళ్లిపోతుంది. ఆ తరువాత గార్వీ ప్రేమను నివేదించుకునే మాటలు ఎంత మెల్లగా వచ్చినా మన చెవి వాటి కోసం ఎదురు చూస్తూనే ఉంటుంది. అన్నీ ఒకే ఎత్తున మోగే రికార్డులో ఈ ఎదురుచూపు పుట్టదు.

అందుకే దీన్ని ప్రయాణంలో వినవద్దని నా సలహా. చిత్తూరు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఈ పాట మొదలుపెడితే, చంద్రగిరి దాటేలోపే ఇంజను మోతలో సగం పాట కొట్టుకుపోతుంది. వినిపించడం లేదని వాల్యూమ్ పెంచితే ఇత్తడి వాద్యాలు చెవులను అదరగొడతాయి. ఇది ఇంట్లో వినవలసిన సంగీతం. వీధిలో బండ్ల రొద తగ్గాక, రాత్రి పది దాటిన తరువాత చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లతో గానీ, మంచి స్పీకర్లు రెండింటి మధ్య కూర్చుని గానీ వింటే ఆ పొరలన్నీ దక్కుతాయి. పాటల యాప్‌లో వాల్యూమ్‌ను సమం చేసే సదుపాయం ఉండి, అందులో ‘లౌడ్’ అనే ఎంపిక కనిపిస్తే దాన్ని వాడకండి. బృందం కావాలని ఉంచిన ఎత్తుపల్లాలను అది కొంత చదును చేసే అవకాశం ఉంది.

శబ్దం మాట అటుంచితే, ఈ ఆల్బమ్ లోపల ఒక దుఃఖం ఉంది. బృందానికి ఆప్తుడైన మాంచెస్టర్ సంగీతకారుడు బ్రయన్ గ్లాన్సీ 2006లో మరణించాడు. ఆల్బమ్‌ను ఆయనకే అంకితం చేశారు. అరుదుగా కనిపించే కుర్రవాడు అన్న ఆ పేరు కూడా ఆయనను ఉద్దేశించినదే. విశేషమేమిటంటే ఆ మాట విషాద గీతంలో కాక, ఆల్బమ్ మొత్తంలోకీ అతి గట్టిగా మోగే ‘గ్రౌండ్స్ ఫర్ డివోర్స్’లో వస్తుంది. కూలి పాటలోని ఊపుతో మొదలై, బరువైన గిటార్‌తో నేలను గుద్దినట్లు నడిచే ఆ పాటలో, పోయిన స్నేహితుడిని తలచుకుని తాగే సోమవారాల ప్రస్తావన ఒక పాదంలో దొర్లిపోతుంది. మొదట అది హుషారు పాటగానే తోస్తుంది. చివరి పాట ‘ఫ్రెండ్ ఆఫ్ అవర్స్’ నేరుగా ఆయనకు వీడ్కోలు చెబుతుందని తెలిసిన తరువాత వెనక్కి వచ్చి వింటే ఆ హుషారు కింద ఉన్నదేమిటో బోధపడుతుంది, అప్పటి నుంచి దాన్ని మునుపటిలా వినలేము. ‘సమ్ రయట్’ కూడా తాగుడుకు కరిగిపోతున్న మిత్రుడి గురించిన పాటే. దాన్ని మాత్రం ఎంతో అణకువగా పాడారు.

నిర్మాణం రీత్యా నాకు ఎక్కువ నచ్చినది ‘వన్ డే లైక్ దిస్’. 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో బృందం వాయించిన పాటల్లో ఇదొకటి. పల్లవి ముందు వచ్చి చరణాలు వెనుక నడిచే మన సినిమా పాటలకు అలవాటుపడిన చెవికి ఇది మొదట వింతగా ఉంటుంది. ఆరు నిమిషాలకు పైగా ఉన్న ఈ పాటలో అందరూ గొంతు కలిపి పాడే పాదం ఎంతో ఆలస్యంగా వస్తుంది, వచ్చిన తరువాత ఆ ఒక్క పాదమే మళ్లీ మళ్లీ తిరుగుతూ, తీగ వాద్యాలను, బృందగానాన్ని తనలో కలుపుకుంటూ పెరుగుతుంది. అన్నమయ్య కీర్తనలో ఒకే పాదాన్ని గాయకులు తిప్పి తిప్పి పాడటాన్ని చిన్ననాటి నుంచి వింటున్న మన ఊరివారికి ఈ పునరుక్తి విసుగు కలిగించదని నా నమ్మకం. ‘వెదర్ టు ఫ్లై’లో ఒకదానిపై ఒకటి పేర్చిన గొంతులు కూడా ఇటువంటి తృప్తినే ఇస్తాయి.

లోపాలు లేవని అనను. ‘యాన్ ఆడియెన్స్ విత్ ద పోప్’ మిగతా పాటల పక్కన పలుచగా అనిపిస్తుంది. ఎత్తున ఒంటరిగా కూర్చున్న క్రేన్ డ్రైవరు గురించిన పాట ఆలోచన గొప్పదే అయినా, చివరికి వచ్చేసరికి వాద్యాల బరువు ఆ ఒంటరితనాన్ని కొంత మింగేస్తుంది. మరో ఇంగ్లీషు గాయకుడు రిచర్డ్ హాలీ గొంతు కలిపిన, గుర్రప్పందెం మోసాన్ని చెప్పే ‘ద ఫిక్స్’ సరదాగా ఉంటుంది, మళ్లీ మళ్లీ వినడానికి అందులో పెద్దగా ఏమీ మిగలదు. గార్వీ యాస అలవాటు లేనివారికి సగం మాటలు అందకపోవచ్చు కనుక, రెండవసారి వినేటప్పుడు సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకుంటే మేలు.

ఈ పాటలనే బృందం 2009లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో బీబీసీ కాన్సర్ట్ ఆర్కెస్ట్రాతో కలిసి మళ్లీ వాయించింది, ఆ రికార్డింగు కూడా విడుదలైంది. చాలామంది దానితోనే మొదలుపెట్టమని చెబుతారు. నేను మాత్రం అసలు ఆల్బమ్ బాగా వంటబట్టిన తరువాతే దాన్ని వినమంటాను. స్టూడియో రికార్డులో వెతికి పట్టుకోవలసిన తీగ వాద్యాలను అక్కడ ఆర్కెస్ట్రా మన ముందుకు తెచ్చి పెడుతుంది, ముందే అది వినేస్తే వెతకడంలోని ఆనందం పోతుంది.