వీకెండ్‌లో ఢిల్లీ: లోధీ కాలనీ గోడలు, ఆంధ్రా భవన్ భోజనం

ఢిల్లీ అనగానే ఎర్రకోట, కుతుబ్ మీనార్ చుట్టేసి వచ్చేస్తుంటాం. ఈసారి ఆ రెండూ పక్కన పెట్టి శనివారం పొద్దున్నే లోధీ కాలనీకి వెళ్లాం. టికెట్ లేదు, క్యూ లేదు. ఖన్నా మార్కెట్‌కీ మెహర్‌చంద్ మార్కెట్‌కీ మధ్య ఉన్న ప్రభుత్వ క్వార్టర్ల గోడల నిండా బొమ్మలే.

ఇవి 1940ల్లో బ్రిటిష్ వాళ్లు ఉద్యోగుల కోసం కట్టిన ఇళ్లు. వీధి వైపు పెద్ద ఆర్చీలు, వాటికి అటూ ఇటూ ఎత్తైన గోడలు. స్టార్ట్ ఇండియా అనే సంస్థ 2015 ప్రాంతం నుంచి దేశ విదేశాల చిత్రకారుల చేత వీటి మీద బొమ్మలు వేయిస్తోంది. ఆ సంస్థను స్థాపించిన వారిలో ఒకరైన హనీఫ్ కురేషీకి షాపుల బోర్డులు రాసే పెయింటర్ల అక్షరాలంటే ప్రాణం. 2024లో పోయారు. ట్రాన్స్ మహిళలు ఉన్న అరవాణీ ఆర్ట్ ప్రాజెక్ట్ బృందం కూడా ఇక్కడ ఒక గోడ మీద బొమ్మ వేసింది.

దగ్గరికెళ్తే గరుకు ప్లాస్టర్ మీద రంగు చారలు తప్ప ఏమీ తెలీదు. రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నుంచి చూస్తేనే బొమ్మ కుదురుతుంది. మధ్యలో ఏసీ డబ్బాలు, ఆరేసిన బట్టలు. నాకైతే అవి అడ్డంగా అనిపించలేదు. అడ్డమల్లా కార్లే. పొద్దెక్కితే సగం బొమ్మలు వాటి వెనక్కి పోతాయి, అందుకే ఎనిమిదింటి లోపు వెళ్లాలి. కొన్ని గోడలు బాగా వెలిసిపోయాయి. లోపల జనం కాపురం ఉంటున్నారు కాబట్టి గుమ్మాల ముందు ఫోటో షూట్లు పెట్టకండి.

న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఎల్లో లైన్ మెట్రోలో జోర్ బాగ్‌లో దిగి ఆటో ఎక్కితే చాలు. మేం స్టేషన్ దగ్గరే చవకగా రూమ్ తీసుకున్నాం. ఫోటోలో కిటికీ ఉంది, రూమ్‌లో లేదు. ఇంకొంచెం ఎక్కువైనా కరోల్ బాగ్ వైపు చూసుకోవడమే మేలు.

ఆదివారం జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కి వెళ్లాం. అమృతా షేర్‌గిల్ చిత్రాల గదిలోనే చాలాసేపు ఉండిపోయాం. సోమవారం సెలవు, చూసుకోండి. అక్కణ్ణుంచి ఆంధ్రా భవన్ క్యాంటీన్ దగ్గరే. ఆదివారం బిర్యానీ కోసం ఢిల్లీ వాళ్లంతా అక్కడే ఉన్నట్టుంటుంది, టోకెన్ తీసుకుని ఓపిక పట్టాల్సిందే. బిర్యానీ బాగుంది కానీ, నా ఓటు మాత్రం ముందురోజు అక్కడే తిన్న మామూలు భోజనానికే. కందిపొడిలో నెయ్యి వేసుకున్నాక ఇంకేం కావాలి!

సాయంత్రం ఐఎన్‌ఏ మెట్రో స్టేషన్ దగ్గరున్న దిల్లీ హాట్ అనే హస్తకళల బజారుకి వెళ్లాం. చేతిపని చేసినవాళ్లే అమ్మే స్టాళ్లు కొన్ని బాగున్నాయి, మిగతావి ఏ ఎగ్జిబిషన్‌లోనైనా దొరికేవే. టైమ్ తక్కువుంటే దాన్ని వదిలేసి లోధీ కాలనీలోనే ఇంకో రెండు వీధులు తిరగండి.