శిక్ష పెంచాలా, పట్టుకోవడం పెంచాలా, మనిషిని మార్చాలా: హింసను తగ్గించడానికి ఏది మేలు?

దారుణమైన హత్య ఏ దేశంలో జరిగినా ముందు వినబడే డిమాండ్ చట్టాన్ని ఇంకా కఠినం చేయాలనే. ఆ కోపంలో న్యాయం ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఇంకో ప్రాణం పోకుండా ఆపడమే మన ఉద్దేశమైతే, ఏ పద్ధతి ఎంతవరకు పనిచేసిందో గత ముప్పై నలభై ఏళ్ల పరిశోధనలు చాలా వివరంగా చెబుతున్నాయి, వాటిని పక్కన పెట్టి మాట్లాడటం బాధితులకు కూడా మేలు చేయదు.

మొదట శిక్ష పెంచడం సంగతి. అమెరికా నేరశాస్త్ర పరిశోధకుడు డేనియల్ నాగిన్ 2013లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ సమీక్షించి చెప్పింది ఇదీ: దొరికిపోతామన్న భయం మనిషిని ఆపుతుంది, దొరికాక పదేళ్లకు బదులు ఇరవయ్యేళ్లు పడుతుందన్న సంగతి పెద్దగా ఆపదు. కారణం కూడా తెలియనిది కాదు. ఆవేశంలో కత్తి తీసినవాడు సెక్షన్లు లెక్కపెట్టుకోడు, ప్లాన్ చేసుకుని దిగినవాడు అసలు దొరకననే అనుకుంటాడు. పైగా నేరాలు ఎక్కువగా చేసే వయసు పద్దెనిమిది ఇరవైల చుట్టూ ఉంటుంది కాబట్టి, పెంచిన ఆ పదేళ్లు చాలామంది విషయంలో మనిషి ఎలాగూ నెమ్మదించే వయసులో పడతాయి, ఖర్చు మాత్రం పూర్తిగా పడుతుంది. మరణశిక్ష హత్యల్ని తగ్గిస్తుందా లేదా అన్నది అప్పటివరకు ఉన్న అధ్యయనాలతో తేల్చలేమని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లోనే చెప్పేసింది.

కఠినత్వం పనిచేస్తుందనడానికి ఇక్కడ ఎవరైనా మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ పేరెత్తుతారు, ఎత్తాలి కూడా. 2015లో లక్ష మందికి వందకు పైగా హత్యలు జరిగిన దేశం, 2023 నాటికి ప్రభుత్వ లెక్క ప్రకారం 2.4కి వచ్చింది. మామూలు మార్పు కాదు. అయితే 2022 మార్చిలో ముఠాల మీద ఎమర్జెన్సీ పెట్టడానికి ముందే, 2021 నాటికే ఆ సంఖ్య 18 దగ్గరకు దిగింది. ఆ తర్వాత జరిగింది విచారణ లేకుండా పదుల వేల మందిని లోపల వేయడం, అందులో వేల మందిని అమాయకులని వదిలిపెట్టినట్టు ఆ ప్రభుత్వమే ఒప్పుకుంది. అది శిక్ష కాలం పెంచడం వల్ల వచ్చిన ఫలితం కాదు. ఏ తప్పూ చేయని కొడుకు నెలల తరబడి జైల్లో ఉంటే ఆ తల్లికి జరిగింది కూడా హింసే అని నేను గట్టిగా నమ్ముతాను.

రెండోది, పట్టుకోవడం. డెన్మార్క్ 2005లో తన డీఎన్ఏ డేటాబేస్‌లోకి చాలా ఎక్కువ మందిని చేర్చింది, శిక్షలు పెంచలేదు. అలా నమూనా ఇచ్చినవాళ్లు తర్వాతి ఏడాదిలో మళ్లీ నేరం చేయడం 42 శాతం దాకా తగ్గింది. ఈసారి చేస్తే దొరుకుతాను అని తెలియడమే పనిచేసింది. అమెరికాలో మాత్రం 2021, 2022ల్లో దాదాపు సగం హత్య కేసులు తేలకుండా మిగిలాయి. సగం మంది హంతకులు తప్పించుకుంటుంటే మిగిలిన సగానికి శిక్ష రెట్టింపు చేసి ఎవరిని భయపెడతాం?

గస్తీ కూడా ఈ దారిలోదే. అమెరికా నగరం మినియాపోలిస్‌లో పోలీసులకు వచ్చిన ఫోన్లలో సగం కేవలం 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయని 1989లో తేలింది, తర్వాత చాలా నగరాల్లో ఇదే కనిపించింది. ఆ కొద్ది చోట్ల గస్తీ పెంచితే నేరాలు తగ్గుతాయి, పక్క వీధికి జరగడం కూడా మనం భయపడేంత ఉండదు. కొలంబియా రాజధాని బొగోటాలో మాత్రం దొంగతనాలు పక్కకు జరిగినట్టే కనిపించింది. దారిన పోయే ప్రతి కుర్రాడినీ ఆపి జేబులు తడిమితే అదింకో సమస్య, సాక్ష్యం చెప్పాల్సినవాళ్లే పోలీసులకు దూరమైపోతారు.

మూడోది, మనిషిని మార్చడం. దీన్ని చాలామంది మెతక పని అని కొట్టిపారేస్తారు, నాకు అదే బాధ. చికాగోలో ఒక కార్యక్రమంలో కుర్రాళ్లను ఇద్దరిద్దరిగా నిలబెట్టి, ఒకడి చేతిలో బంతి పెట్టి, ముప్పై సెకన్లలో లాక్కోమంటారు. పెనుగులాట మొదలవుతుంది. అయిపోయాక ఒకటే ప్రశ్న: "ఇవ్వమని ఎందుకు అడగలేదు?" ఒక్క క్షణం ఆగి ఆలోచించడం నేర్పే ఇలాంటి శిక్షణతో, అది నడిచినన్నాళ్లూ హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. ఆగిపోయాక ఆ ప్రభావం నిలవలేదు, అది దాచాల్సిన పని లేదు. లైబీరియా రాజధాని మన్రోవియాలో నేరాల్లో ఉన్న 999 మందితో చేసిన ప్రయోగంలో ఎనిమిది వారాల థెరపీ (ఆలోచనా తీరు మార్చే ఇలాంటి శిక్షణే) ఒక్కటే ఇస్తే ఫలితం కరిగిపోయింది, దానికి 200 డాలర్ల నగదు కలిపితే పదేళ్ల తర్వాత కూడా దొంగతనం, హింస లాంటివి దాదాపు సగం తక్కువగా ఉన్నాయి. మారాలనుకున్నవాడికి ఆ మార్పు నిలబెట్టుకునేంత ఆసరా కావాలి.

అందుకే నా ఓటు మొదట పట్టుకోవడానికి, అంటే డిటెక్టివ్‌లకు, ల్యాబ్‌లకు, సాక్షుల రక్షణకు. దాని వెనకే థెరపీ ప్లస్ ఆసరా. శిక్ష కాలం పెంచడానికి చివరి స్థానం. జైలే వద్దని కాదు, ప్రమాదకరమైన మనిషిని బయట తిరగనివ్వకూడదు, కానీ లోపల ఏం జరుగుతుందన్నది ఎన్నేళ్లన్నదానికంటే ముఖ్యం. నార్వేలో జైలుకెళ్లినవాళ్లు ఐదేళ్లలో మళ్లీ నేరం చేసే అవకాశం బాగా తగ్గిందని 2020లో వచ్చిన అధ్యయనం చెబుతోంది, ఆ తగ్గుదల అంతా అంతకుముందు ఉద్యోగం లేనివాళ్లలోనే కనిపించింది, ఎందుకంటే అక్కడి జైలు వాళ్లకు పని నేర్పి, ఉద్యోగం వైపు నడిపించి పంపుతుంది.