కొండపల్లి ఖిల్లా: ఎక్కేముందే దిగే బేరం

కొండపల్లి ఖిల్లా చూడదగ్గ చోటే. చిరాకంతా ఆటోతోనే. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో మైలవరం బస్సెక్కితే ఇబ్రహీంపట్నం రింగు దాటాక కొండపల్లిలో దించేస్తాడు, అక్కడిదాకా హాయి. కొండ మీదికి ఘాట్ రోడ్డు. సొంత బండి లేనివాళ్లకి ఆటోనే దిక్కు. కింద చెప్పే రేటు ఒకవైపుదే అనుకోండి. పైన వదిలేసి పోయాక ఫోన్ చేస్తే, "ఖాళీగా రావాలి కదండీ" అని రెండో బేరం మొదలవుతుంది. మాకు 800 చెప్పి, రానూపోనూ, పైన రెండు గంటలు ఆగడం కలిపి 600కి దిగాడు. ఆగడం కలిపేనా అని ఎక్కకముందే తేల్చుకోండి. డబ్బులు మాత్రం కిందికొచ్చాకే.

మనిషికో లీటరు నీళ్లు కిందే కొనుక్కోవాలి. తినేవి చేతిలో పట్టుకుంటే కోతులు ఊరుకోవు.

రెడ్డిరాజులు 14వ శతాబ్దంలో కట్టిన కోట ఇది. గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఏలాక 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. దర్గా దర్వాజా దగ్గర ద్వారాలు ఒకదాని వెనక ఒకటి మూడుంటాయి. జనం ఫొటో దిగి పరిగెడతారు గానీ, కాసేపు నిలబడాల్సింది అక్కడే.

కోటలోని రాజమందిరం, తానీషా మహల్‌ని బాగుచేశారు. నా లెక్కలో బాగుచేయడమంటే కొత్తగా మెరిపించడం కాదు. గోడల్ని దగ్గర్నుంచి చూడండి. పాత గచ్చు, అంటే సున్నపు పూత, గరుకుగా ఉంటుంది, పగిలినచోట తెల్ల సున్నపు పలుకులు కనిపిస్తాయి. సున్నం చెమ్మ పీల్చి మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు వదలదు. ఆ చెమ్మ పక్కనున్న రాతిలోంచో ఇటుకలోంచో బయటికొస్తుంది, వస్తూ ఉప్పుని పైకి తెస్తుంది. ఏ పాత కోటలోనైనా గోడ అడుగున తెల్లటి పొడి, ఆ పైన ఊడుతున్న పెచ్చులు కనపడితే ముందు అనుమానించాల్సింది సిమెంటునే. అయినా కూలిపోయే గోడ కన్నా అతుకు కనిపించే గోడే నయం.

ఎండలో పెద్దవాళ్లు మహల్ మెట్ల దగ్గరే విసుక్కుంటారు, పిల్లలు కోనేరు వైపు పరిగెడతారు. పొద్దున్నే ఎక్కండి. వానాకాలంలో రాళ్లు నాచు పట్టి జారతాయి, చెప్పులతో వద్దు. బసకి విజయవాడే మేలు.

దిగాక బొమ్మల కాలనీకి వెళ్లండి. కొండపల్లి బొమ్మలు చెక్కే అసలు తెల్లపొణికి కర్ర చేతికి దూదంత తేలిక. బొమ్మని చేతిలోకి తీసుకుని చూడండి, బరువుగా తగిలితే పక్క కొట్టుకి పొండి.