మారుమూల గ్రామానికి పడవ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక

రోడ్డు లేని ఒక నదీతీర గ్రామానికి పడవలో తీసుకెళ్లి, బస, భోజనం సమకూర్చి, మళ్లీ రేవుకు చేరుస్తామని చెప్పిన ఏజెంటు దగ్గర మా కుటుంబం ప్యాకేజీ కొన్నది. అతడు చెప్పినదానికీ మాకు దొరికినదానికీ పొంతన లేదు. గ్రామస్థుల మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు; తమకున్న కొద్దిపాటితోనే వారు మమ్మల్ని ఆదరించారు. అక్కడ లేని సౌకర్యాలను ఉన్నట్టు చూపి సొమ్ము తీసుకున్నవారి మీదనే ఈ ఫిర్యాదు.

కరపత్రంలో అచ్చువేసిన ప్రయాణ సమయం ఏటివాలుకు దిగివచ్చే పడవది, మేము వెళ్లినది ఎదురు ప్రవాహంలో. నిలకడ నీటిలో గంటకు 12 కిలోమీటర్లు నడిచే పడవ, గంటకు 4 కిలోమీటర్ల ప్రవాహంలో కిందికి 16, పైకి 8 కిలోమీటర్లు మాత్రమే పోగలదు. అంటే అదే దూరానికి పైకి వెళ్లేటప్పుడు రెట్టింపు సమయం పడుతుంది. పైగా నీరు తగ్గిన కాలం కావడంతో ఇసుక మేటలు తేలి, గడకర్రతో లోతు చూసుకుంటూ నడపవలసి వచ్చింది. చీకటి పడగానే సరంగు పడవను ఒడ్డుకు కట్టేశాడు. అతడు చేసినది ముమ్మాటికీ సరైన పని, కానీ రాత్రంతా చెక్కబల్లల మీద కూర్చోవలసి రావచ్చని డబ్బు తీసుకున్నవారు ఒక్క మాటైనా చెప్పలేదు.

లైఫ్ జాకెట్లు మనుషులకన్నా తక్కువగా ఉన్నాయి, పిల్లల కొలతవి అసలు లేవు, ఉన్నవాటిలో కొన్నింటి పట్టీలు తెగిపోయాయి. 50 న్యూటన్ల (న్యూటన్ అంటే బలాన్ని కొలిచే ప్రమాణం) తేలే శక్తి గల జాకెట్లు ఒడ్డుకు దగ్గరలో, ఈత వచ్చినవారికి ఉద్దేశించినవి. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని నీటిపైకి తిప్పుతాయని వాటిని నమ్మడానికి లేదు. ఈత రానివారు కనీసం 100 న్యూటన్లవి అడగాలి. అడిగి ఊరుకోక, పడవ కదలకముందే తొడుక్కుని చూసుకోవాలి.

"అన్ని వసతులూ గల అతిథిగృహం" అన్నది తలుపు సరిగా మూయని ఒక గది. జనరేటరు సాయంత్రం కొద్దిసేపు నడిచింది, ఫోను సిగ్నలు లేదు, దోమతెర లేదు, తాగడానికి ఏటి నీరే. మురికి నీటిని తేర్చి, గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలైన తరువాత కనీసం ఒక నిమిషం మరగనిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. క్లోరిన్ బిళ్లలు వేస్తే దాదాపు అరగంట ఆగాలి, అప్పటికీ కొన్ని పరాన్నజీవులు మిగిలిపోతాయి కనుక మరిగించడమే మేలు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, రోజూ వాడే మందులు కొన్ని రోజులకు అదనంగా వెంట ఉండాలి, ఎందుకంటే వైద్యుడి దగ్గరకు వెళ్లాలన్నా ఆ పడవే దిక్కు.

అన్నిటికన్నా పెద్ద మోసం తిరుగు ప్రయాణంలో జరిగింది. రసీదులో "రాకపోకలు" అని ఉన్నా, సరుకూ జనమూ నిండితే తప్ప పడవ బయలుదేరదని అక్కడికి చేరాకే తెలిసింది. ఏజెంటుకు ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. చివరకు వేరే పడవవాడికి విడిగా డబ్బిచ్చి బయటపడ్డాము. తిరిగి వచ్చి అడిగితే, ప్రకృతి కారణాల ఆలస్యానికి బాధ్యత లేదన్న నిబంధనను చూపించారు. పడవ నిండకపోవడం ఏ ప్రకృతి కారణమో వారే చెప్పాలి!

కాబట్టి ఇటువంటి ప్యాకేజీ కొనేవారు తిరుగు పడవ తేదీ, అది రాకపోతే ఖర్చు ఎవరు భరిస్తారన్నది, ఎదురు ప్రవాహంలో పట్టే సమయం, లైఫ్ జాకెట్ల సంఖ్య కాగితం మీద రాయించుకోండి. మొత్తం సొమ్ము ముందే చెల్లించక, కొంత భాగం తిరిగి రేవు చేరాక ఇచ్చేలా మాట్లాడుకోండి. దీనికి ఒప్పుకోని ఏజెంటు దగ్గర కొనవద్దు. మాకు రావలసిన సొమ్ము నేటికీ రాలేదు.